నోరూరించే వెలుతురు

ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీకి కట్టిన వాసెన విప్పి తిరగ కలిపితే నూనె పైకి తేలుతుంది. అందులోంచి ఒక ముక్క తీసి, తెల్ల పింగాణీ పళ్లెంలో పెట్టి, కిటికీ పక్కన ఉంచి చూడాలి. పిండి పట్టిన చోట ముదురు ఎరుపు, టెంక అంచున పసుపు కనిపిస్తాయి. నూనె పేరుకున్న వంపులో మాత్రం అసలు రంగే ఉండదు. అక్కడ ఉండేది ఒక చిన్న తెల్లటి మెరుపు. ఇంకా దగ్గరగా చూస్తే ఆ మెరుపులో కిటికీ ఆకారం, ఊచల గీతలతో సహా దొరుకుతుంది. చూసేవాళ్లకు నోట్లో నీళ్లూరడంలో మిరపకాయ ఎరుపు కన్నా ఆ తెల్లటి చుక్క పాత్రే ఎక్కువ. అదే ముక్కను రాత్రిపూట ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఎర్రమట్టి ముద్దలా వస్తుంది. ఆవకాయ మారలేదు, వెలుతురు వచ్చిన దిక్కు మారిందంతే.

ఒక వస్తువు మీద పడిన వెలుతురు రెండు దారుల్లో వెనక్కి వస్తుంది. కొంత లోపలికి చొరబడి కారం రేణువుల మధ్య అటూ ఇటూ తగులుతూ తిరుగుతుంది. ఆ తిరుగుడులో నీలాన్నీ ఆకుపచ్చనూ మిరప రంగులు మింగేస్తాయి. మిగిలిన ఎరుపు అన్ని దిక్కులకూ చెదిరి బయటపడుతుంది. ఇంకొంత వెలుతురు లోపలికే పోదు. నూనె పైపొర మీద పడి, అద్దం మీద పడ్డట్టే తిరిగిపోతుంది. దానికి వస్తువు రంగు అంటదు కనుక మెరుపు తెల్లగా ఉంటుంది. వంటనూనెల వక్రీభవన గుణకం సుమారు 1.47. నిట్టనిలువుగా పడిన వెలుతురులో అవి తిప్పికొట్టేది నూటికి నాలుగు పాళ్ల లోపే. వాలుగా పడేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ వచ్చే వెలుతురైతే సగానికి పైగా మెరుపుగా మారిపోతుంది. వంటకానికి వెనక నుంచో, పక్క నుంచో వెలుతురు రావాలని ఫొటోగ్రాఫర్లు పట్టుబట్టేది ఇందుకే.

మెరుపును మెదడు ఎలా పోల్చుకుంటుంది? జపాన్‌కు చెందిన ఇసాము మోటోయోషి, అమెరికాలో ఎంఐటీకి చెందిన ఎడ్వర్డ్ ఆడెల్సన్, వారి సహచరులు 2007లో నేచర్ పత్రికలో దీనికి ఒక సమాధానం ప్రచురించారు. ఒక బొమ్మలో ఎక్కువ భాగం మసకగా ఉండి, అతి కొద్ది చుక్కలు మాత్రం బాగా కాంతివంతంగా ఉంటే ఆ ఉపరితలం నిగనిగలాడుతున్నట్టు కనిపిస్తుంది. వెలుగు పంపకం తలకిందులైతే అదే ఉపరితలం పొడిబారినట్టు తోస్తుంది. మూడేళ్ల తర్వాత యూజీ వాడా బృందం ఇదే చూపును క్యాబేజీ ఆకు మీదికి మళ్లించింది. కోసిన ఆకు వాడిపోయే కొద్దీ దాని ఫొటోలో వెలుగు పంపకం మారుతుందనీ, ఆకు ఎంత తాజాదో మనుషులు అంచనా కట్టేది చాలావరకు ఆ మార్పును బట్టేననీ వాళ్లు చూపించారు. సంతలో వంకాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసే మనిషి చేసే పని కూడా ఇదే. తొడిమ పచ్చదనంతో పాటు తొక్క మీద వెలుగు ఎలా జారుతోందో కూడా ఆ కళ్లు చదువుతుంటాయి.

బొమ్మలో తిండిని చూసినా శరీరం ఊరుకోదు. మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ మనోరోగ పరిశోధన సంస్థ 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నోరూరించే వంటకాల ఫొటోలు చూపించినప్పుడు రక్తంలో గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరిగింది. ఎదురుగా ఉన్నది తిండి కాదు, దాని బొమ్మ మాత్రమే. అయినా జీర్ణవ్యవస్థ విస్తరి ముందు కూర్చున్నట్టే సిద్ధపడింది. అందుచేత వంటకం ఫొటో తీసేవాళ్ల చేతిలో ఉన్న పని తేలికైనది కాదు. నాలుకకు తెలియాల్సిన తడి, కొవ్వు, వేడి, కరకరలను కంటికి చేరవేయాలి. చేరవేయడానికి ఉన్న వాహనం వెలుతురు ఒక్కటే.

ఫోన్ ఫ్లాష్ ఎందుకు చెడగొడుతుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అది కటకం పక్కనే ఉంటుంది. చూసే కన్నూ వెలిగే దీపమూ ఒకే చోట ఉన్నప్పుడు నీడలన్నీ వస్తువు వెనక్కి వెళ్లి దాక్కుంటాయి. గారె మధ్య చిల్లు లోతు, పెసరట్టు మీది గరుకు, కోడికూరలో ముక్క గుండ్రం, ఇవన్నీ నీడ ఉంటేనే కనబడతాయి. కిటికీ వెలుతురు పక్క నుంచి వచ్చినప్పుడు ప్రతి చిన్న ఎత్తుకూ ఒక వెలుగు వైపు, ఒక నీడ వైపు ఏర్పడతాయి.

కిటికీలోంచి నేరుగా ఎండ పడితే మళ్లీ చిక్కే. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపించే చిన్న దీపం. చిన్న దీపం నుంచి వచ్చే నీడలకు కత్తి అంచులుంటాయి, మెరుపులు సూదిపోటుల్లా ఉండి చుట్టుపక్కల వివరాలను తినేస్తాయి. కిటికీకి పల్చటి తెల్ల పంచె కడితే ఆ పంచె అంతా దీపమవుతుంది. వెలుతురు వచ్చే వైశాల్యం పెరిగేకొద్దీ నీడ అంచులు మెత్తబడతాయి, మెరుపు విస్తరించి వస్తువు వంపును చూపిస్తుంది. పళ్లేనికి అటువైపు ఒక తెల్ల అట్టముక్క నిలబెడితే కొంత వెలుతురు వెనక్కి తిరిగి నీడల్లోని నల్లదనాన్ని తగ్గిస్తుంది. లక్షల ఖరీదైన స్టూడియోల్లోనూ పెద్ద దీపాల ముందు తెల్ల గుడ్డలే ఉంటాయి, పక్కన తెల్ల పలకలే ఉంటాయి. సూత్రంలో తేడా లేదు.

రంగు లేకపోయినా వెలుతురు ఎంత చెప్పగలదో 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ తీసిన ‘పెప్పర్ నంబర్ 30’ చూస్తే తెలుస్తుంది. ఒక వంకరటింకర బెంగళూరు మిర్చిని ఆయన రేకు గరాటులో పడుకోబెట్టి నలుపు తెలుపుల్లో ఫొటో తీశాడు. గరాటు లోపలి గోడల మీద తగిలి తిరిగిన వెలుతురు మిరపకాయ మడతలన్నింటి చుట్టూ పాకింది. ఎక్స్‌పోజర్‌కు చాలాసేపు పట్టింది. అందులో కనిపించే కండరం లాంటి బిగువు మిరపకాయదే, దాన్ని బయటికి తెచ్చింది గరాటు.

తెల్లటి వంటకాల దగ్గర కెమెరా స్వయంగా ఒక పొరపాటు చేస్తుంది. దృశ్యం మొత్తం మీద సగటు వెలుగు మధ్యరకం బూడిద రంగు దగ్గర, అంటే పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పికొట్టే స్థాయిలో ఉంటుందని అనుకునేలా వెలుగు మీటర్లను తయారుచేశారు. తెల్ల పళ్లెంలో తెల్ల ఇడ్లీలు పెట్టి, పక్కన కొబ్బరి పచ్చడి వేస్తే, ఇంత వెలుగు ఎక్కువైపోయిందని కెమెరా తగ్గించేస్తుంది. ఫొటోలో ఇడ్లీలు నిన్నటివిలా బూడిద రంగుకు దిగిపోతాయి. ఇప్పటి ఫోన్లు దృశ్యంలో ఏముందో గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి కానీ పూర్తిగా కాదు. తెర మీద వేలు పెట్టి వెలుగును కాస్త పైకి జరిపితే ఇడ్లీకి తెలుపు తిరిగి వస్తుంది. మరీ జరిపితే పైనున్న సన్నటి గుంటలు మాయమై ఇడ్లీ కాగితపు బిళ్లగా మారుతుంది. ఉలవచారు, నువ్వుల చిమ్మిలి లాంటి ముదురు రంగు వాటికి ఇదంతా తలకిందులు. కెమెరా అనవసరంగా వెలుగు పెంచుతుంది, చిక్కదనం పోతుంది. అక్కడ వెలుగు తగ్గించాలి.

ఇక రంగు. పగటి వెలుతురులో అన్ని రంగులూ దాదాపు ఎడతెగకుండా ఉంటాయి. పాత ట్యూబ్‌లైట్ వెలుతురు అలా ఉండదు. అందులో పాదరసపు ఆవిరి ప్రత్యేకంగా కొన్ని రంగుల్లోనే వెలుగుతుంది. 546 నానోమీటర్ల దగ్గర ఒక గట్టి ఆకుపచ్చ గీత ఉంటుంది, ముదురు ఎరుపు దగ్గర మాత్రం సరుకు తక్కువ. లేని ఎరుపును మాంసం గానీ టమాటా గానీ ఎక్కడి నుంచి తెచ్చి తిప్పికొడుతుంది? చవక ఎల్‌ఈడీ బల్బులదీ ఇదే లోపం. రంగులను బల్బు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి పెట్టె మీద సీఆర్‌ఐ అని ముద్రించే అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచే తొమ్మిదో నమూనా, ఆర్9, ఆ సగటులో లేదు. కాబట్టి సీఆర్‌ఐ 80 ఉన్న బల్బు కింద కూడా నాటుకోడి పులుసు కళ తప్పి ఉండవచ్చు. కూరల ఫొటోల కోసం బల్బు కొనేవాళ్లు ఆర్9 అంకె ఎంతో చూసి కొనడం మంచిది.

ఒకే గదిలో రెండు రకాల వెలుతురు కలిస్తే ఇంకా ఇబ్బంది. పగటి వెలుతురు రంగు ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బుది 2700 నుంచి 3000. కెమెరా రెంటిలో ఒకదాన్నే తెలుపుగా ఎంచుకోగలదు. అప్పుడు అన్నంలో ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు కనిపిస్తాయి. పగలు ఫొటో తీసేటప్పుడు గదిలో దీపాలార్పాలి అనే నియమం చాదస్తం కాదు.

కొన్ని రంగులు పొయ్యి మీదే చచ్చిపోతాయి. గోంగూర ఉదాహరణ. ఆకులోని క్లోరోఫిల్ అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడి, పులుపు కలిసినప్పుడు ఆమ్లంలోని హైడ్రోజన్ వచ్చి ఆ మెగ్నీషియాన్ని నెట్టేస్తుంది. మిగిలేది ఫియోఫైటిన్ అనే పదార్థం, రంగు ఆలివ్ గోధుమ. పాలకూరను మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి చల్లటి నీళ్లలో వేస్తే పచ్చదనం నిలబడుతుంది. గోంగూరకు ఆ ఉపాయం పెద్దగా పనిచేయదు, పులుపు ఆకులోనే ఉంది మరి. అందుకే గోంగూర పచ్చడిని ఫొటో తీసేవాళ్లు దాని రంగుతో పోరాడకుండా, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, అప్పుడే వేయించిన ఎండుమిరపకాయలు పెట్టి నూనె మెరిసే కోణం వెతుక్కుంటారు. పచ్చడి రంగు అదే, పక్కన చేరిన రంగుల వల్ల అది మరోలా కనిపిస్తుంది.

పక్క రంగుల ప్రభావాన్ని శ్రద్ధగా పరిశీలించినవాళ్లలో ముఖ్యుడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్. 1824లో ఆయన పారిస్‌లోని గోబెలాఁ తివాసీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నల్ల దారం సరిగా నల్లగా ఉండటం లేదని ఫిర్యాదులు వస్తే, దారాలు పరీక్షించి, తప్పు అద్దకంలో లేదని తేల్చాడు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని పాలిపోయినట్టు చూపిస్తున్నాయి. ఆ పరిశీలనలు 1839లో పుస్తకంగా వచ్చాయి. ఎదురెదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి పెంచుకుంటాయని అందులో ఉంది. ఎర్రటి కూర, పసుపు పులిహోర, తెల్లటి అన్నం అరటాకు మీద అంత కళగా ఉండటానికి ఆ ఆకుపచ్చ పెద్ద కారణం. అయితే అరటాకు ఒక చిన్న అపకారమూ చేస్తుంది. దాని మీద పడిన వెలుతురు ఆకుపచ్చగా తిరిగి అన్నం అడుగు అంచుకు అంటుకుంటుంది. తీయబోయే ముందు అన్నం కుప్పను కొంచెం ఎత్తుగా పెడితే సరిపోతుంది. స్టీలు కంచం సంగతి వేరు. అది సగం అద్దం. ఫొటోగ్రాఫర్ చొక్కా రంగు, పైకప్పు ఫ్యాను, కిటికీ ఊచలు, అన్నీ అందులోకి దిగుతాయి. వాడి వాడి గీతలు పడిన కంచం కొత్త కంచం కన్నా ఫొటోకు మంచిది, ఆ గీతలు ప్రతిబింబాన్ని చెదరగొడతాయి.

రంగు ఎంత బలమైనదంటే రుచినే తప్పుదారి పట్టించగలదు. ఫ్రాన్స్‌లో బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వాళ్లు దాని వాసనను వర్ణించారు. 2001లో వచ్చిన ఆ ప్రయోగం చదివాక ఫొటోలో రంగులు పెంచి తగ్గించేవాళ్లు జాగ్రత్త పడాలి. ఎరుపు పెంచితే చూసేవాళ్లు కారం ఎక్కువని అనుకుంటారు. మామిడిపండు రసం పసుపును మరీ పెంచితే రంగు పొడి కలిపిన నీళ్లని అనుకుంటారు.

పొగలు కక్కే అన్నాన్ని ఫొటోలో పట్టుకోవడం చాలామందికి కుదరదు. నిజానికి నీటి ఆవిరి కంటికి కనిపించదు. అన్నం నుంచి లేచిన ఆవిరి పైనున్న చల్లగాలిలో కలిసి సన్నటి తుంపరగా మారాకే తెల్లగా కనబడుతుంది. ఆ తుంపర చుక్కలు తమ మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని ముందుకే, అంటే వెలుతురు పోతున్న దిక్కుకే చెదరగొడతాయి. దీపం వెనక ఉండి, కెమెరా దానికి ఎదురుగా ఉంటే పొగ వెలుగుతుంది. దీపం కెమెరా వైపు ఉంటే పొగ ఉన్నా కనబడదు. వెనక ముదురు రంగు తెర ఉండాలి, గది చల్లగా ఉండాలి. మే నెలలో విజయవాడ వంటింట్లో ఆవిరి లేచినా గాలి వేడి వల్ల తుంపరగా మారకుండానే కలిసిపోతుంది. ఏసీ గదిలో అదే అన్నం చక్కగా పొగలు కక్కుతుంది. స్టూడియోల్లో కొందరు తడి దూదిని మైక్రోవేవ్‌లో వేడిచేసి గిన్నె వెనక దాచడం ఈ తంటా పడలేకే.

వంటకానికి ఉన్న అసలు శత్రువు గడియారం. దోసె పెనం మీంచి దిగినప్పుడు పైపొరలో నీరు చాలా తక్కువ. అప్పుడు అందులోని పిండి గాజులా పెళుసుగా ఉంటుంది, విరిస్తే చప్పుడవుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ మెత్తటి లోపలి పొర నుంచి, గాలి నుంచి తేమ పైపొరకు చేరి ఆ గాజుతనాన్ని రబ్బరుతనంగా మారుస్తుంది. అంచులు కుంగుతాయి. మిరపకాయ బజ్జీదీ అదే కథ. ఫిల్టర్ కాఫీ మీది నురగలో బుడగల గోడల నుంచి ద్రవం కిందికి జారుతూ ఉంటుంది, చిన్న బుడగలు పెద్దవాటిలో కలిసిపోతూ ఉంటాయి. పట్టులాంటి నురగ కాసేపటికి పెద్ద పెద్ద బుడగలుగా మిగులుతుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు వంటకం రాకముందే అంతా సిద్ధం చేసుకుంటారు. నిన్నటి దోసెనో, దాదాపు అదే సైజు అట్టముక్కనో పళ్లెంలో పెట్టి కోణం, వెలుతురు, పచ్చడి గిన్నె స్థానం తేల్చుకుంటారు. అసలు దోసె వచ్చాక చేయాల్సింది మీట నొక్కడమే.

పానీయాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. నన్నారి షర్బత్‌కు లోపల చెదరగొట్టే రేణువులు లేవు. ముందు నుంచి వెలుతురు వేస్తే అది లోపలికి దూరి వెళ్లిపోతుంది, గ్లాసులో ఏదో నల్లటిది ఉన్నట్టుంటుంది. వెనక నుంచి వెలిగిస్తేనే దాని ఎర్రటి గోధుమ రంగు బయటపడుతుంది. గుండ్రటి గ్లాసు నిండా నీళ్లుంటే అది కటకంలా పనిచేసి వెనకనున్న దృశ్యాన్ని కుడి ఎడమలు మార్చి లోపల చూపిస్తుంది. వెనక నిలబెట్టిన చిన్న తెల్ల అట్ట గ్లాసు మొత్తాన్ని నింపగలదు. అట్టకు అటూ ఇటూ నల్ల కాగితం పెడితే గ్లాసు అంచుల్లో సన్నటి నల్ల గీతలు వచ్చి ఆకారం స్పష్టంగా తేలుతుంది. మజ్జిగ, లస్సీలకు ఇదంతా అక్కర్లేదు. వాటిలో కొవ్వు చుక్కలు, పాల ప్రోటీన్లు వెలుతురును దండిగా చెదరగొడతాయి కనుక ఇడ్లీకి చేసినట్టే చేయవచ్చు.

ప్రకటనల్లోని మంచు గడ్డలు చాలావరకు యాక్రిలిక్ ప్లాస్టిక్. కరగవు కాబట్టి వాడతారని అందరూ చెబుతారు. ఇంకో కారణమూ ఉంది. మంచు వక్రీభవన గుణకం 1.31, నీటిది 1.33. రెండూ అంత దగ్గర కావడం వల్ల నీళ్లలో మునిగిన స్వచ్ఛమైన మంచు దాదాపు కంటికి ఆనదు. యాక్రిలిక్‌ది 1.49. అందుకే దాని అంచులు పానీయంలోనూ తళతళలాడతాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచు మధ్యలో తెల్లగా ఉండటానికి కారణం గాలి. నీరు గడ్డకట్టేటప్పుడు అందులో కరిగిన గాలిని స్ఫటికం బయటికి నెడుతుంది. అన్ని వైపుల నుంచీ గడ్డకడితే ఆ గాలి నడుమ ఇరుక్కుంటుంది. మూత లేని థర్మోకోల్ డబ్బాలో నీళ్లు పోసి పెడితే పై నుంచి మాత్రమే గడ్డకడుతూ వస్తుంది, గాలి కిందికి పోతుంది. పై భాగం కోసుకుంటే అద్దం లాంటి మంచు దొరుకుతుంది.

గ్లాసు మీద చెమట చుక్కలు గాలిలోని తేమ నుంచి వచ్చేవి. విశాఖ సముద్ర తీరంలో చల్లటి సీసా బయటికి తీయగానే తడుస్తుంది. ఏసీ స్టూడియోలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చుక్కలు వచ్చినా నిలవవు. అక్కడ గ్లిజరిన్, నీళ్లు సమంగా కలిపి సీసా మీద చిలకరిస్తారు. గ్లిజరిన్ త్వరగా ఆవిరి కాదు, చుట్టూ ఉన్న తేమను పట్టుకుని ఉంచుతుంది. ప్రతి చుక్కా గుండ్రంగా గంటల తరబడి నిలుస్తుంది.

ఎగసిపడే పాలు, చిమ్మే రసం ఫొటోలకు దారి చూపినవాళ్లలో ముఖ్యుడు ఎంఐటీ ఇంజనీరు హెరాల్డ్ ఎడ్గర్టన్. పళ్లెంలో పడిన పాలచుక్క కిరీటంలా లేచిన క్షణాన్ని ఆయన 1957లో రంగుల్లో పట్టుకున్నాడు. లెక్క చూస్తే ఆ పని ఎందుకు కష్టమో తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన చుక్క వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు. సెకనులో వెయ్యో వంతు కాలంలో అది 2.4 మిల్లీమీటర్లు కదులుతుంది, అంటే ఫొటోలో సాగిపోతుంది. ఎడ్గర్టన్ షట్టరును నమ్ముకోలేదు. చీకటి గదిలో అతి క్షణికమైన విద్యుత్ మెరుపును వెలిగించి, ఆ మెరుపు ఉన్నంతసేపే ఫొటో పడేలా చేశాడు. ఇప్పుడు మామూలు కెమెరా ఫ్లాష్‌ను అతి తక్కువ శక్తికి దించితే అది సెకనులో 20,000వ వంతు దాకా మాత్రమే వెలుగుతుంది. ఆ కాలంలో చుక్క కదిలేది 0.12 మిల్లీమీటర్లు. తప్పు చోట పెడితే వంటకాన్ని పాడుచేసిన ఫ్లాష్‌కు పానీయాల దగ్గర ఇంత గౌరవం ఉంది.

ఫొటోగ్రఫీకి తిండితో ఉన్న చుట్టరికం చాలా పాతది. హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844–46లో విడివిడి భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో 24 ఫొటోలు ఉన్నాయి. చివరిది బుట్టల్లో పెట్టిన పళ్ల బొమ్మ, అందులో అనాసపండు కనిపిస్తుంది. రోజర్ ఫెంటన్ 1860లో ద్రాక్షలు, అనాసలు, పీచ్‌పళ్లు పేర్చి తీసిన ఫొటోల్లో పండు మీది సన్నటి నూగు కూడా తెలుస్తుంది. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే ఆ కాలపు ఫొటోలను తయారుచేసిందే వంటింటి సరుకులతో. టాల్బట్ కాగితానికి మామూలు ఉప్పు పట్టించాడు. 1850 తర్వాత కోడిగుడ్డు తెల్లసొన రాసిన కాగితం రాజ్యమేలింది. 1907లో లూమియేర్ సోదరులు అమ్మకానికి పెట్టిన ఆటోక్రోమ్ రంగుల పలకల మీద ఉన్నవి నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులు. ఫిలిం పూతలోని జెలటిన్ పశువుల ఎముకలు, తోళ్ల నుంచి వచ్చింది. రంగుల్లో వంటకాల పేజీలకు పత్రికల్లో గిరాకీ తెచ్చినవాళ్లలో హంగరీ నుంచి అమెరికా వెళ్లిన నికొలస్ మురే ముఖ్యుడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లోంచి మూడు నెగటివ్‌లు తీసి, వాటిని పొరలుగా ఒకదాని మీద ఒకటి కూర్చే కార్బ్రో పద్ధతిలో మెక్‌కాల్స్ పత్రికకు ఆయన నిండు విందు బల్లలను అచ్చు వేయించాడు.

గిరాకీ పెరిగాక మోసమూ పెరిగింది. క్యాంప్‌బెల్ కంపెనీ కూరగాయల సూప్ ప్రకటనల్లో గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు. ముక్కలు మునిగిపోకుండా గోళీల మీద ఆగి, సూప్ నిండా కూరగాయలున్నట్టు కనిపించింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని తప్పుపట్టింది, 1970లో కంపెనీ ఆ పని మానుకుంటానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ కేసులో కొందరు న్యాయశాస్త్ర విద్యార్థులు ‘సూప్’ అనే పొట్టిపేరుతో సంఘం కట్టి జోక్యం చేసుకున్నారు. ఇకపై మానుకుంటే చాలదు, చేసిన మోసాన్ని ప్రకటనలోనే చెప్పించాలని వాళ్లు కోరారు.

అంతకుముందు 1965లో గడ్డం గీసుకునే క్రీమ్ ప్రకటన మీద వచ్చిన కోల్గేట్ పామోలివ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక ఉపయోగకరమైన గీత గీసింది. దీపాల వేడికి ఐస్‌క్రీమ్ కరిగిపోతుందని మెత్తటి బంగాళాదుంప ముద్దను చూపించడం దానంతటదే మోసం కాదు. ఆ ముద్దనే చూపించి మా ఐస్‌క్రీమ్ ఎంత నున్నగా ఉందో చూడండి అంటే మోసం. రుజువుగా చూపించే వస్తువు నిజమైనదై ఉండాలి. ఈ గీత ఇవాళ కూడా నిలబడుతుంది. మెక్‌డొనాల్డ్స్ కెనడా విభాగం 2012లో తన స్టూడియో లోపలి పనిని వీడియోగా చూపించింది. ఫొటోలోని బర్గర్‌లో పడినవి దుకాణంలో వాడే సరుకులే. కానీ ఉల్లిపాయ, దోసకాయ ముక్కలను ముందంచుకు లాగి పేర్చారు, సాసును సిరంజితో చుక్కలుగా పెట్టారు, గంటల తరబడి దిద్దారు. నిజమైన సరుకును కంటికి కనబడే చోట పెట్టడం వరకు న్యాయమే. లేనిదాన్ని ఉన్నట్టు చూపించిన గోళీలకూ దీనికీ చాలా దూరం ఉంది.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే వీలు కల్పించింది. ఆహార ప్రకటనల మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు 2018 నుంచి ఉన్నాయి. ఇప్పుడు కొత్త సమస్య కృత్రిమ మేధ గీసే వంటకాలు. హోటళ్లు అలాంటి బొమ్మలు పెట్టడం వల్ల నమ్మకం పోతోందని, వాటిని తన మెనూల నుంచి తీసేస్తామని జొమాటో 2024 ఆగస్టులో ప్రకటించింది. ఈ నిర్ణయం సరైనదే. యంత్రం గీసిన బిర్యానీకి కుండ లేదు, మెతుకు లేదు. చూసి ఆర్డర్ చేసిన మనిషి ఆకలి మాత్రం నిజమైనది.

మోసం చేయకుండా కష్టమైన వంటకాన్ని ఎలా గెలిపించాలో చూడాలంటే హైదరాబాద్ హలీమ్‌ను తీసుకోవాలి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకానికి కెమెరా ముందు ఆకారమే లేదు. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికి, గోటాలతో నూరి ముద్దయిన గోధుమరంగు పదార్థం. దాన్ని తీసే ఫోన్ ప్రధాన కటకం వెడల్పు చూపుది. దగ్గరికి తెస్తే గిన్నె ముందంచు ఉబ్బుతుంది, వెనకంచు సన్నబడుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెడితే గిన్నె గిన్నెలా ఉంటుంది. దోసె, అరిటాకు భోజనం లాంటి పరుచుకున్న వాటిని నిట్టనిలువుగా పై నుంచి తీయాలి, హలీమ్‌ను మాత్రం కూర్చున్న మనిషి కంటి ఎత్తు నుంచి, సుమారు 45 డిగ్రీల వాలులో తీస్తేనే చెంచా వెనకతో చేసిన గుంట కనిపిస్తుంది. ఆ గుంటలో వేడి నెయ్యి పోస్తారు. కిటికీ గిన్నెకు వెనక ఉంటే నెయ్యి మొత్తం వెలుగుతుంది. పైన ముదురు గోధుమరంగుకు వేయించిన ఉల్లిపాయ, రెండు పుదీనా ఆకులు, అప్పుడే కోసిన నిమ్మచెక్క. ఉల్లిపాయ పెళుసుతనాన్ని చూపిస్తుంది, పుదీనా గోధుమరంగుకు ఎదురు నిలుస్తుంది, నిమ్మ తడిని తెస్తుంది. అన్నీ తినేవాళ్లు కోరుకునేవే, అన్నీ గిన్నెలో సహజంగా ఉండేవే. ఏసీ గదిలో నెయ్యి త్వరగానే మసకబారి పేరుకోవడం మొదలుపెడుతుంది, మెరుపు చచ్చిపోతుంది. అందుకని నెయ్యి గిన్నెను వేడినీళ్లలో ఉంచి, మిగతావన్నీ సర్దుకున్నాక చిట్టచివర పోస్తారు.